రెండొందల పదమూడో వరుస

కెరీచో కొండల మీద వాన వెలిసింది.
తేయాకు కొనే షెడ్డులో
వేలాడే త్రాసుకి ఒక్కో గోతం తగిలిస్తూ
చెలాంగత్ అంకె అరుస్తుంది,
నేను గడిలో కొడతాను.
పదకొండున్నర. తొమ్మిది. పద్నాలుగు ముప్పావు.

ఈ ఫైలు నేను కట్టింది కాదు.
నాకు ముందున్న గుమస్తా తోవెట్
నకూరుకి బదిలీ అయి పోతూ
తాళంచెవులతో పాటు అప్పజెప్పాడు.
మొత్తం ఎక్కడ చూడాలో చూపించాడు.
మొత్తం ఎక్కడిదాకా చూస్తుందో చెప్పలేదు.

జూన్ నెలంతా ఒకటే వింత.
కోసిన ఆకు దారిలో వాడుతుంది, తూకం తగ్గుతుంది,
ఇక్కడ పసిపిల్లలకీ తెలిసిన సంగతి.
మా లారీ మాత్రం
ఫ్యాక్టరీ గేటు చేరేసరికి బరువెక్కుతోంది.
ఓ రోజు నలభై కిలోలు. ఓ రోజు యాభై మూడు.
"మీ ఆకు ప్రయాణంలో కూడా చిగురేస్తుందా?" అని
ఫోనులో నవ్వాడు తూకాల అధికారి.
త్రాసు మార్చాం. కొక్కెం మార్చాం.
రాళ్ళేమైనా ఎక్కిస్తున్నాడేమోనని
పాపం, డ్రైవరుని కూడా అనుమానించాం.

డబ్బులిచ్చే రోజున తబుటానీ వచ్చింది.
డెబ్బై ఏళ్ళుంటాయి. మే నెలాఖరులో
చెల్లెలి దగ్గర కొన్న అరెకరం తోటతో సభ్యురాలైంది.
నా బల్ల మీద కోకో డబ్బా బోర్లించింది.
చిక్కుడు గింజలు. కిలోకి ఒకటి.
"ఇదంతా నాది. మీ పెట్టె నన్ను లెక్క చెయ్యలేదు."
ఆ మాటకి రెండు వైపులా పదునుంది.

ఆమె పేరుంది. కిలోలున్నాయి.
రోజుకో అంకె, తప్పు లేకుండా,
నా వేళ్ళే కొట్టినవి.
రెండొందల పదమూడో వరుస.

మొత్తం గడి మీద రెండుసార్లు నొక్కాను.
రెండు నుంచి రెండొందల పన్నెండు దాకా
సన్నటి నీలిగీత కంచెలా వెలిగింది.
మధ్య మధ్య డాలరు గుర్తులు,
తోవెట్ బిగించి వెళ్ళిన గడియలు.
ఆ సూత్రం అబద్ధమాడలేదు,
చూడమన్నంత మేర చూసింది, అంతే.
కంచెకి అవతల అయిదుగురు,
గోతాలు దించుకుని చినుకుల్లో నిలబడ్డట్టు.

పన్నెండుని పదిహేడు చెయ్యడం చిటికెలో పని.
చెయ్యబోయి ఆగాను.
పద్దెనిమిదో మనిషి కూడా
ఏదో ఒక సోమవారం వస్తాడు కదా.

పేర్లూ కిలోలూ అన్నీ ఎంచి
రెండు మీటలు కలిపి నొక్కాను.
పట్టిక అయింది.
వరుస విడిచి వరుస నీలిచార పరుచుకుంది.
దానికి "ఆకు" అని పేరు పెట్టాను.
ఇప్పుడు మొత్తం గడిలో పొలిమేరలు లేవు:
ఆకులో ఉన్న కిలోలన్నీ కూడు.

ఎనభై ఎనిమిదో వరుసలో అరప్ సిగేయ్.
ఏప్రిల్‌లో పోయాడు. తీసెయ్యమంది చెలాంగత్.
తీస్తే, బోనసు షీటులో ఎక్కడో ఒక గడి
అతన్ని వెతుక్కుని తప్పు తప్పని గోల పెడుతుంది.
ఉండనిచ్చాను.
అతను సున్నాలు కోస్తున్నాడు.

తబుటానీ చూస్తుండగానే
పట్టిక అడుగున, ఖాళీలో, ఓ ఉత్తుత్తి పేరు కొట్టి
పది కిలోలు వేశాను.
నీలిచార జారొచ్చి దాన్ని కప్పింది.
మొత్తం పది పెరిగింది.
వరుస కలుపుకోవడమంటే ఇదే కాబోలు:
ఎవరమ్మాయివని అడగలేదు,
ఇన్నాళ్ళూ ఎక్కడున్నావనీ అడగలేదు,
ఆనుకుని కూర్చుంటే చాలు.
నడుమ ఒక్క గడి ఎడముంటే మాత్రం
మళ్ళీ పరాయే. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

పట్టిక మూడొందల నలభై ఒకటి అంది.
గింజలు మూడొందల ముప్పై తొమ్మిది.
"కోడి తినుంటుంది," అంది తబుటానీ, సిగ్గుపడకుండా.

గింజలు మళ్ళీ డబ్బాలోకి ఎత్తుకుంటూ
"వచ్చే నెల నా కోడలు చేరుతుంది.
దానికి తలుపెవరు తీస్తారు?"

"ఎవరూ తియ్యక్కర్లేదమ్మా, దానంతటదే..."

ఆమె తెరకేసి చూసింది.
నా మొహంకేసి ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.
మూత బిగించింది.
"సరే. ఇంకో డబ్బా కడిగి పెడతాలే."